‘పార్ట్ రావాలి సార్’

ఉప్పల్ వైపు ఓ సర్వీస్ సెంటర్ గోడ పక్కన కరెంటు బండ్లు వరసగా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, ఒకదాని సీటు మీద పిల్లి పడుకుంది, ఇంకోదానికి షోరూంలో కట్టిన రిబ్బన్ కూడా ఊడలేదు. ఎవరినడిగినా ఒకటే జవాబు, పార్ట్ రావాలి సార్. ఎప్పుడొస్తుందో చెప్పరు. డెలివరీలు చేసుకునే కుర్రాడికి బండి ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే, ఈఎంఐ మాత్రం టైముకి కట్ అవుతుంది.

కరెంటు బండి మంచిదే, పెట్రోలు డబ్బులు ఎంత మిగులుతాయో నడిపేవాళ్లకి తెలుసు. చిక్కల్లా ఒకటే, వీధి చివరి మెకానిక్ దీని మీద చెయ్యి వెయ్యలేడు. బ్యాటరీలో కొన్ని సెల్స్ పాడైనా బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ అనే చిన్న బోర్డు మొత్తం ప్యాక్‌నే ఆపేస్తుంది, లోపం మోటారుని నడిపించే కంట్రోలర్‌లో ఉందో సాఫ్ట్‌వేర్‌లో ఉందో కంపెనీ ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ తేలదు. అంటే రోగం ఏంటో చెప్పేదీ వాళ్లే, అది వారంటీలోకి వస్తుందో రాదో తేల్చేదీ వాళ్లే. నీళ్లు వెళ్లాయి కాబట్టి వారంటీ వర్తించదంటారు. జూలైలో నీళ్లలో దిగకుండా ఇల్లు చేరే రోడ్డు హైదరాబాద్‌లో ఏదో వాళ్లే చూపిస్తే బాగుండు.

కొన్నవాళ్లకి మేం చెప్పేది ఒక్కటే, జాబ్ కార్డ్, అంటే మీ ఫిర్యాదు రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం, లేకుండా బండి అప్పజెప్పి రావద్దు. ‘చిన్న ప్రాబ్లమే, అప్‌డేట్ చేసిస్తాం’ అని నోటిమాటతో పంపేస్తే మూడుసార్లు తిరిగినా కాగితం మీద మీరు ఒక్కసారీ వెళ్లనట్టే, ఈలోగా వారంటీ గడువు దాటిపోతుంది. తేదీ, రీడింగ్, ఫుల్ ఛార్జింగ్‌కి ఎంత దూరం వస్తోందో మీ మాటల్లోనే రాయించండి. రాయం అంటే అక్కడ నిలబడే మెయిల్ పెట్టండి, డిస్‌ప్లే ఫోటో తీసుకోండి.

ఆ కాగితాలుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బండి ఎక్కడ కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. లోపమేమీ లేదని కంపెనీ బుకాయిస్తే బండిని ల్యాబ్ పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది, బండి మార్పించగలదు, డబ్బు వాపసూ పరిహారమూ ఇప్పించగలదు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాల సంగతి అందరికీ తెలిసిందే.

ఇక ప్రభుత్వం. 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈ బండ్లకి తెలంగాణలో రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. అలా వదులుకున్నది జనం సొమ్మే కదా, మరి అమ్మిన బండ్లకి సరిపడా మెకానిక్‌లూ స్పేర్లూ ఉన్నాయా అని కంపెనీలను ఎందుకు అడగరు? పదిహేను రోజుల్లో పార్ట్ తెప్పించలేకపోతే అప్పటిదాకా నడుపుకోడానికి వేరే బండి ఇవ్వాలి, ఈ ఒక్క షరతు మాఫీకి ముడిపెడితే చాలు.