పోస్టు తీయించింది ఎవరో తెలియకుండా అప్పీలు ఎలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల డీజిల్ రాయితీ అందడం లేదని ఎవరో వీడియో పెట్టారనుకుందాం. తెల్లారేసరికి అది కనిపించదు. చాలామంది యాప్‌లో రివ్యూ కోరతారు, కాదంటే ఇక దారి లేదని వదిలేస్తారు. చట్టం చెప్పిన దారి అసలు అక్కడే మొదలవుతుంది.

2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారికి) వెళ్లాలి. అందినట్టు 24 గంటల్లో తెలపాలి. పరిష్కారానికి ఉన్న 15 రోజుల గడువు 2026 ఫిబ్రవరి 20 నుంచి 7 రోజులైంది. ఆ నిర్ణయం సమ్మతం కాకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తొలగింపు నోటీసు, లింకు, ఫిర్యాదు నంబరు, ఆఫీసర్ జవాబు దాచుకోవాలి. పోస్టు పోయాక లింకు వెతుక్కోవడం కష్టం కాబట్టి, వివాదం అయ్యేలా ఉన్న పోస్టుల లింకులు పెట్టిన రోజే రాసిపెట్టుకోవడం మేలు.

కంపెనీ తన విధానం పేరుతో తీసేస్తే ఈ దారి కొంత పనిచేస్తుంది. 50 లక్షలకు పైగా వినియోగదారులున్న వేదిక అయితే ముందే కారణం చెప్పి, అభ్యంతరం వినాలి కూడా.

చిక్కంతా ప్రభుత్వం తీయించినప్పుడే. తీసేయడానికి 36 గంటలున్న గడువు ఇప్పుడు 3 గంటలు. 2025 నవంబరు 15 నుంచి పోలీసుల తరఫున డీఐజీ, ఆపై హోదాలో ప్రత్యేకంగా అధికారం పొందినవారే, చట్టపు సెక్షన్, లింకు రాసి ఆదేశం పంపాలి. ఇది మంచి మార్పే. కానీ ఆ ఆదేశం ప్రతిని వీడియో పెట్టినవారికీ ఇవ్వాలని ఎక్కడా లేదు. ప్రభుత్వం ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద నిరోధించినా అంతే: ఆ సెక్షన్ అమలుకు పెట్టిన 2009 నియమాల్లో నోటీసు 'వ్యక్తికి లేదా మధ్యవర్తి సంస్థకు' (పోస్టు ఉన్న వేదికకు) అని ఉంది. ఆ 'లేదా' వల్ల కంపెనీకి చెబితే సరిపోతోంది. పైగా 16వ నియమం గోప్యత పాటించమంటుంది.

శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు 69ఎను నిలబెట్టినప్పుడు, కారణాలు రాతలో ఉంటాయి గనుక హైకోర్టులో రిట్ పిటిషన్‌తో సవాలు చేయవచ్చన్నది ఒక ఆధారం. ఉత్తర్వు చేతికి రాని విశాఖవాసి అమరావతిలోని హైకోర్టుకు వెళ్లి దేన్ని సవాలు చేయాలి? ఆ 'లేదా' స్థానంలో 'మరియు' రావాలి. అంతవరకూ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసే మొదటి ఫిర్యాదులోనే సూటిగా అడగండి: తీసింది మీ విధానం ప్రకారమా, ప్రభుత్వ ఆదేశంతోనా, అయితే ఏ సెక్షన్ కింద?