అనుభవం ఉన్న ఫ్రెషర్ కావలెను

కంపెనీలకు మనుషులు దొరకడం లేదు, మనుషులకు ఉద్యోగాలు దొరకడం లేదు. ఈ ఇద్దరికీ ముడిపెట్టాలని పెద్దలంతా నడుం కట్టారు. కమిటీలు వేశారు, సదస్సులు పెట్టారు. ఐక్యరాజ్యసమితి అయితే జులై 15ను ప్రపంచ యువ నైపుణ్య దినంగా 2014లోనే ప్రకటించేసింది. కాబట్టి ముహూర్తానికి లోటు లేదు. పెళ్లే ఏటా వాయిదా పడుతోంది.

లోపం ఎక్కడుందో చూద్దామని మగపెళ్లివారి కోరికల చిట్టా తిరగేశాను. "ఫ్రెషర్లు కావలెను. అయిదేళ్ల అనుభవం తప్పనిసరి." మొదట అచ్చుతప్పు అనుకున్నాను. కాదు, సిద్ధాంతమే. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. చిట్టాలో మరో కోరిక కూడా ఉంది: తమ ఆఫీసులో తప్ప ఇంకెక్కడా లేని ఒక సాఫ్ట్‌వేర్‌లో అభ్యర్థి ఆరితేరి ఉండాలట. ఎక్కడ నేర్చుకోవాలో రాయలేదు. బహుశా గత జన్మలో కావచ్చు.

మీరే నేర్పించవచ్చుగా అంటే, నేర్పితే పక్క కంపెనీవాడు ఎగరేసుకుపోతాడంటారు. వారి భయం న్యాయమైనదే. ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యం నేర్పే ఖర్చు కంపెనీ ఎందుకు భరిస్తుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే అడిగాడు. తన దగ్గర మాత్రమే పనికొచ్చే నైపుణ్యానికైతే కంపెనీ కూడా ఖర్చు పంచుకుంటుందని ఆయనే అన్నాడు. ఈ రెండో ముక్క దగ్గరికి వచ్చేసరికి అందరికీ మీటింగులు గుర్తొస్తాయి.

ఇక కొరత సంగతి. సరుకు కొరత వస్తే ధర పెరుగుతుందని చిన్నపిల్లలకైనా తెలుసు. నైపుణ్యం మాత్రం వింత సరుకు. ఎంత కొరత వచ్చినా ధర కదలదు, ఫిర్యాదు మాత్రం పెరుగుతుంది. జీతం పెంచి చూశారా అని ఒక సదస్సులో నోరుజారి అడిగాను. "మనం ఇక్కడ స్కిల్స్ గురించి మాట్లాడుతున్నామండీ" అని సున్నితంగా సరిదిద్దారు.

శిక్షణా కేంద్రాల వారిది ఇంకో లోకం. శిక్షణ ఫలించిందో లేదో తేల్చడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ప్రొఫెసర్ 1959లో నాలుగు మెట్లు కట్టాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఏమైనా ఒరిగిందా. మనవాళ్లు మొదటి మెట్టు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏసీ బాగుంది, సార్ జోకులు బాగున్నాయి, అయిదుకు అయిదు మార్కులు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి ఫొటో తీస్తే ప్లేస్‌మెంట్ అయిపోయినట్టే. ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి ఎక్కడున్నాడని అడగడం మర్యాద కాదు.

జర్మనీలో ఇదెలా జరుగుతుందో చూసిరావడానికి వెళ్లే బృందాలకు తక్కువ లేదు. అక్కడ కుర్రవాళ్లు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో నేర్చుకుంటారు. కోర్సును బట్టి రెండు నుంచి మూడున్నరేళ్లు. ఆ కాలమంతా కంపెనీ నెలనెలా భత్యం ఇస్తుంది. ఏం నేర్పాలో తేల్చేటప్పుడు యజమానుల పక్కన కార్మిక సంఘాలూ కూర్చుంటాయి. 1969 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. తిరిగొచ్చిన బృందాలు యూనిఫారాలు చాలా నీట్‌గా ఉన్నాయని నివేదిక ఇస్తాయి. భత్యమూ, సంఘాలూ ఫొటోల్లో పడలేదు కాబోలు.

నేను వెళ్లిన సదస్సులో వేదిక మీద పరిశ్రమ ఉంది, ప్రభుత్వం ఉంది, శిక్షణా సంస్థ ఉంది, ముగ్గురినీ కలపడానికి ఫీజు తీసుకునే కన్సల్టెంటు ఉన్నాడు. ఉద్యోగం కావలసినవాడు ఎక్కడా కనబడలేదు. సభ ముగిశాక మైకు తీగలు చుట్టుకుంటున్న కుర్రాడిని పలకరించాను. కమ్యూనికేషన్‌లో మూడు, లీడర్‌షిప్‌లో రెండు సర్టిఫికెట్లున్నాయట.

"జీతం ఎంత బాబూ?"

"ఇంటర్న్‌షిప్ సార్. జీతం ఉండదు, అనుభవం ఇస్తారు."

"ఎన్నాళ్లయింది?"

"ఈ నెలతో అయిదేళ్లు నిండుతాయి సార్."

ఫ్రెషర్ పోస్టుకు అప్లై చేసుకోమని చెప్పి వచ్చాను.