అణచుకుంటే వికృతి పుడుతుందా? ఫ్రాయిడ్ అలా అనలేదు

హైదరాబాద్‌లో షీ టీమ్స్ ఒక పోకిరీని పట్టుకున్నారన్న వార్త వస్తే చాలు, నలుగురూ అనే మాట ఒకటే: "మన దగ్గర కోరికల్ని అణిచేస్తారు, అందుకే ఇలా వికృతంగా బయటపడతాయి. ఫ్రాయిడ్ ఎప్పుడో చెప్పాడు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఆయన 1905 నాటి లైంగికత వ్యాసాల్లో రాసింది దాదాపు దీనికి ఎదురు: న్యూరోసిస్ (లోపలి ఘర్షణ ఆందోళనగా, భయాలుగా బయటపడే మానసిక బాధ) అనేది పెర్వర్షన్‌కి (లైంగిక వికృతికి) నెగెటివ్. పాత ఫొటో నెగెటివ్ గుర్తుందా? బొమ్మ అదే, వెలుగూ నీడా తారుమారు. ఒకడు తెలిసి చేసేదాన్నే ఇంకొకడు తెలియకుండా లోపల మోస్తాడు. అది వాడిలో రోగలక్షణమై తేలుతుంది.

ముందు, న్యూరోసిస్‌కి మూలమని ఫ్రాయిడ్ చెప్పిన దమనం (రిప్రెషన్) అంటే ఏమిటో సరిగ్గా చూడాలి. పైఅధికారి మీద కోపమొచ్చి పళ్లు బిగబట్టి ఊరుకుంటే అది దమనం కాదు, అణచుకోవడం. కోపం వచ్చిందని మీకు తెలుసు కదా! దమనంలో ఆ సంగతి మీకే తెలియదు. 1915 వ్యాసంలో ఫ్రాయిడ్ ఊహనీ, దాన్ని అంటిపెట్టుకున్న ఉద్వేగాన్నీ విడదీస్తాడు. ఊహ అచేతనంలోకి, అంటే మనసులో మనకే తెలియని పొరలోకి పోతుంది. ఉద్వేగం ఆందోళనగా మారుతుంది, లేదా మరో ఊహని పట్టుకుంటుంది. 1909లో ప్రచురించిన హాన్స్ కేసులో అయిదేళ్ల పిల్లవాడికి నాన్నంటే ఉన్న భయం, గుర్రం కరుస్తుందన్న భయంగా తేలింది. పైగా ఇది ఒక్కసారితో తీరే పని కాదు. లోపలినుంచి తోస్తూనే ఉంటుంది కాబట్టి తలుపుని ఎప్పుడూ పట్టుకునే ఉండాలి. మనిషి శక్తి అక్కడే ఖర్చవుతుంది.

పెర్వర్షన్‌ది వేరే దారి. ఫెటిషిజం (ఏదో ఒక వస్తువు మీద లైంగిక మోహం) మీద 1927లో రాసిన వ్యాసంలో చెప్పిన నిరాకరణని మన భాషలో "తెలిసీ తెలియనట్టు" అనొచ్చు. తల్లికి పురుషాంగం లేదని పిల్లవాడు చూస్తాడు, చూసిందాన్ని ఒప్పుకోడు. రెండు నమ్మకాలూ పక్కపక్కనే ఉండిపోతాయి. ఆ ఖాళీలోకి చెప్పో, బట్టో వచ్చి కూర్చుంటుంది. ఈ లెక్కలో ఆడపిల్ల ఊసే లేదు, సిద్ధాంతంలో ఇది పెద్ద లోపం. తర్వాత ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ దమనాన్ని న్యూరోసిస్‌కీ, నిరాకరణని పెర్వర్షన్‌కీ కట్టి, వాస్తవంతో పట్టు తప్పే సైకోసిస్‌కి మూడో యంత్రాంగం చూపాడు.

సమాజపు కట్టుబాట్లు మనిషిని జబ్బు చేయిస్తాయని ఫ్రాయిడ్ 1908లో గట్టిగానే రాశాడు. కానీ అక్కడ ఆయన ప్రధానంగా మాట్లాడింది న్యూరోసిస్ గురించి. పక్కింటి అమ్మాయి వెంటపడేవాడికి అందులో సాకు దొరకదు.

"వికృతి" అన్న ముద్ర ఎవరి మీద పడిందో కూడా చూడండి. ఈ నగరంలోనే, నిజాం కాలపు 1329 ఫసలీ (అంటే 1919) చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించమంది. ఆడవాళ్ల బట్టల్లో బయట కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లోగానీ కొట్టేయలేదు. స్వలింగ సంపర్కం సిగ్గుపడాల్సిన పని కాదు, జబ్బు కాదు అని ఫ్రాయిడ్ ఒక తల్లికి ఉత్తరం రాసింది 1935లో!

ఇవాళ మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే గ్రంథం డీఎస్ఎం-5 కూడా వింత కోరికనీ రుగ్మతనీ విడదీస్తుంది. ఆ కోరిక వల్ల మనిషి నలిగిపోతున్నాడా, ఇతరులకి హాని ఉందా, ఒప్పుకోనివాళ్ల మీద దాన్ని తీర్చుకున్నాడా అని అడుగుతుంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా లోపలి కోరిక జోలికి పోదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూసినా, చిత్రీకరించినా మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. తీయడానికి ఆమె ఒప్పుకుని, పంచడానికి ఒప్పుకోకపోతే, పంచినవాడిదీ అదే నేరం.