మన లారీ ఆగింది పాకిస్తాన్ దగ్గర కాదు

“పాకిస్తాన్ ఉన్నంతకాలం దక్షిణాసియాలో స్వేచ్ఛా వాణిజ్యం కుదరదు. అయినా పక్కదేశాల దగ్గర మనం కొనేదేముంది? గేట్లు తెరిస్తే వాళ్ల సరుకొచ్చి మన రైతును ముంచుతుంది.” ఈ వాట్సాప్ సందేశం నాకే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. నమ్మి పంపుతున్నారు కాబట్టే జవాబు రాస్తున్నాను.

పాకిస్తాన్‌తో వ్యాపారం చచ్చిపోయిన మాట నిజమే. పుల్వామా ఉగ్రదాడి తర్వాత 2019లో మనం వాళ్ల సరుకు మీద 200 శాతం సుంకం వేశాం. ఆ ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో పంజాబ్ సరిహద్దులోని అటారీ గేటూ మూతపడింది. సరే, బంగ్లాదేశ్‌కు సరుకు పంపడానికి పాకిస్తాన్ ఒప్పుకోవాలా? దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా 2006 నుంచి అమల్లో ఉంది. 2011లో మనం మద్యం, పొగాకు లాంటి 25 రకాలు తప్ప బంగ్లాదేశ్ సరుకు మొత్తానికీ సుంకం ఎత్తేశాం. అయినా బెంగాల్‌లో బంగ్లాదేశ్ సరిహద్దు గేటైన పెట్రాపోల్ దగ్గర లారీలు ఆగుతూనే ఉన్నాయి.

ఆ ఆగడమేమిటో మిర్చి పంపేవాళ్లను అడగండి. గుంటూరులో ఎక్కించిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బెంగాల్ దాకా వెళ్లి, గేటుకు ఇవతల బన్‌గావ్ పార్కింగులో వంతు కోసం కాచుకోవాలి. గేటు దాటినా మన లారీ ఢాకా పోదు. అవతల బంగ్లాదేశ్ వైపున్న బేనాపోల్ యార్డులో సరుకంతా దించి వాళ్ల లారీలోకి ఎక్కించాలి. మధ్యలో వాన పడి తేమ తగిలిందా, కాయ రంగు తగ్గుతుంది, రంగుతో పాటే రేటూ. 2020 జులైలో, కరోనాతో రోడ్డు రవాణా దెబ్బతిన్నప్పుడు, గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చి పార్శిల్ రైల్లో నేరుగా బేనాపోల్‌కు వెళ్లింది. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలు అయ్యేది, రైల్లో 4,608 అయింది. కొత్త ఒప్పందమేదీ రాలేదు, దారి మారిందంతే.

పాకిస్తాన్ లేకుండానే భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ 2015లో థింపూలో, ఒకరి వాహనాలు ఇంకొకరి దేశంలో తిరగడానికి ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ ఎగువసభ దాన్ని ఒప్పుకోలేదు. బయటి లారీలు వచ్చిపడితే తమ చిన్న దేశం తట్టుకోలేదని వాళ్ల భయం, నాకది న్యాయంగానే తోస్తుంది. మిగిలిన ముగ్గురూ కూడా లారీలను ఇంకా స్వేచ్ఛగా తిరగనివ్వలేదు.

ఇక “కొనేదేముంది” అన్న మాట. 2023-24లో మనం బంగ్లాదేశ్‌కు అమ్మింది 11 బిలియన్ డాలర్ల పైనే, కొన్నది 2 బిలియన్ల లోపే. కొనేదాని గురించి అడిగేవాళ్లు ఈ అమ్మకం వైపు చూడాలి.

రైతు భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. వియత్నాం మిరియాలు శ్రీలంక మీదుగా, అక్కడి పంట పేరుతో తక్కువ సుంకానికి వస్తున్నాయని కేరళ, కొడగు రైతులు మొత్తుకున్నారు. ఆ మొరలో న్యాయముంది. సరుకు ఎక్కడ పండిందో గట్టిగా తనిఖీ చేయడమే దానికి మందు. గేటు మూస్తే నిజంగా శ్రీలంకలో పండిన మిరియాలూ ఆగిపోతాయి.

మరి మన గేటు మనమే మూసినప్పుడు మునిగిందెవరు? 2020 సెప్టెంబర్‌లో ఉల్లి ఎగుమతులను ఉన్నపళంగా ఆపేశారు. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి ఘాటు ఎక్కువ, మన వంటల్లో పెద్దగా వాడరు. శ్రీలంక, మలేసియా లాంటి దేశాలే కొంటాయి. ఇక్కడ ధర తగ్గించడానికి పనికిరాని ఆ పంటనూ నిషేధంలో కలిపేశారు. అక్టోబర్‌లో 10,000 టన్నులకు అనుమతి ఇచ్చారు, అదీ చెన్నై రేవు నుంచి మాత్రమే.