వదిన స్టేటస్‌లో ఉన్న ఆ గాజుల చెయ్యి నాదే

పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, పిండే ముందు ఒక్కసారి ఫోన్ చూద్దాంలే అని చూశాను. చూడకుండా ఉండాల్సింది. బొరుగులు నీళ్ళలోనే కరిగి ముద్దయ్యాయి, మిరపకాయ బజ్జీలు మాడాయి, ఇంట్లోవాళ్ళు నా ముఖం చూసి కిక్కురుమనకుండా తినేసి లేచారు. ఇప్పుడు సాయంత్రం ఐదు. ఇంకా చల్లారలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా, చదివేవాళ్ళు చదవండి.

విషయం ఏంటంటే మా వదిన స్టేటస్ పెట్టింది. వదినంటే మా ఆయన అక్క, అనంతపురంలో ఉంటుంది. స్టేటస్‌లో మా పాప ఫోటో. దానికి పదకొండో నెల నడుస్తుండగా, 2008లో, బేతంచెర్ల దగ్గర మద్దిలేటిస్వామి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఫోటో. గుండుకి గంధం, అది ఇంకా ఆరలేదు, చెవి మీదుగా కారుతోంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది. చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. దాని మీద మా వదిన రాసింది కదా: "మా బంగారు తల్లి... ఎంత తొందరగా పెరిగిపోయావురా... ఆ రోజులు మళ్ళీ వస్తాయా..." అన్నీ చుక్కలే. కన్నీళ్ళ బొమ్మలు నాలుగు, గులాబీ ఒకటి, వెనకాల సన్నాయి.

ముద్దుగానే ఉంది కదా, దీనికెందుకింత కోపం అంటారా? ఆ ఫోటో ఇమ్మని నేను పదహారేళ్ళుగా అడుగుతున్నాను. పదహారేళ్ళు! మొదట "కాపీ తీయించి పంపిస్తాలే" అంది. తర్వాత ఆల్బమ్ అటక మీదుంది, పిల్లోళ్ళు ఎవరైనా వస్తే దింపిస్తా అంది. ఆ తర్వాత ఇంటికి సున్నం వేస్తున్నాం, సామానంతా తారుమారైంది అంది. తర్వాత ఇల్లు మారారు, కొడుకు పెళ్ళి వచ్చింది, మోకాలి నొప్పి వచ్చింది. పోయిన సంక్రాంతికి అడిగితే "ఏం ఫోటో మే? మా దగ్గర ఉన్నట్టు గుర్తే లేదే" అని నా ముఖం మీదే అనేసింది. నేనే ఏదో కలగన్నట్టు. ఈ రోజు మాత్రం అటకా దిగింది, మోకాలూ వంగింది, గుర్తూ వచ్చింది. నాకు ఇవ్వడానికి కాదు, నూటముప్పై మందికి చూపించడానికి.

మీకు ఫోటోల్లేవా అని అడక్కండి. లేవు. కర్నూలువాళ్ళకైతే ఎందుకు లేవో చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు 2, వరద వచ్చిన రోజు. మేం అప్పుడు వన్‌టౌన్‌లో కింద పోర్షన్‌లో అద్దెకున్నాం. ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ, ఊరి కింద శ్రీశైలం డ్యాం నిండిపోయి నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. అంతకు ముందు వానల్లేవని ఏడ్చిన జిల్లా అది. సరిగ్గా నెల ముందు, సెప్టెంబరు 2న, పావురాలగుట్ట మీద హెలికాప్టర్ కూలి రాజశేఖరరెడ్డి పోయారని ఇంటింటా పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాం. ఆ ఏడాది మా జిల్లాకు ఏం పట్టిందో ఏమో. సరే, ఎక్కడున్నాను? నీళ్ళు. వీధిలోకి వచ్చాయన్నారు, చూసేలోపల గడప దాటాయి, పైన ఓనరు వాళ్ళ ఇంటికి పరిగెత్తాం. నేను రెండేళ్ళ పాపను చంకనెత్తుకుని, ఇంకో చేత్తో రేషన్ కార్డు, నగల డబ్బా ఉన్న సంచి పట్టుకున్నా. మా ఆయన ఏం మోశాడో తెలుసా? టీవీ. అప్పటి డబ్బా టీవీ. ఇద్దరు మనుషులు మోయాల్సింది, ఒక్కడే గుండెకు హత్తుకుని మెట్లెక్కాడు. నేను కిందనుంచి అరుస్తున్నా, "ఏమయ్యా, బీరువా కింది అరలో ఆల్బమ్‌లున్నాయి" అని. "వచ్చి తీస్తాలే" అన్నాడు. వచ్చేసరికి బీరువానే కనపడలేదు.

ఆ టీవీ తర్వాత నాలుగేళ్ళు పనిచేసింది. పాత సామాన్లవాడికి మూడు వందలకు వేశాం.

నీళ్ళు తీసేశాక ఇంట్లోకి వెళ్తే మోకాలి లోతు ఒండ్రు. బీరువా తలుపు గడ్డపారతో తెరవాల్సి వచ్చింది. ఆల్బమ్ ఇటుకలాగా అయిపోయింది. తడిసిన ఫోటోలను మంచినీళ్ళలో మెల్లగా కడిగి, ఒకదానికొకటి అంటకుండా విడదీసి నీడలో ఆరేస్తే కొన్నైనా దక్కుతాయని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరికి తెలుసు, ఎవరికి తీరిక? ఆ బురద ఆల్బమ్‌ని ఎండలో పెట్టాను. ప్లాస్టిక్ కవరుకు అంటుకుపోయి, లాగితే బొమ్మంతా పొరలా ఊడొచ్చింది. నా వేలికి మా పాప ముఖం అంటుకుంది. ఇంతకన్నా రాయలేను దాని గురించి. టీకాల కార్డు కూడా పోయింది, బడిలో చేర్చేటప్పుడు అడిగితే వరదలో పోయిందని చెప్తే అబద్ధమన్నట్టు చూశారు, అది వేరే కథ.

ఇల్లు శుభ్రమయ్యేదాకా పది రోజులు అనంతపురంలో మా వదిన ఇంట్లోనే ఉన్నాం. పెట్టింది, కాదనను. పాల ప్యాకెట్లు రోజుకొకటి ఎక్కువ పడుతున్నాయని నేను వినేటట్టు రెండు సార్లు అంది, అదీ మర్చిపోను. అక్కడే ఒక మధ్యాహ్నం వాళ్ళ ఆల్బమ్ తీసి చూపించింది. మద్దిలేటిస్వామి గుడి ఫోటోలన్నీ ఉన్నాయి! ఉండవా మరి, కెమెరా అన్నయ్యదే కదా. అప్పట్లో రీలు, 36 ఫోటోలు వస్తే అదే గొప్ప, అందులో నాలుగు తెల్లగా పోయేవి. రెండు సెట్లు కడిగించారు, మా సెట్టు తుంగభద్ర తీసుకుంది, వాళ్ళ సెట్టు వాళ్ళ దగ్గర ఉంది. నెగటివ్‌లూ వాళ్ళ దగ్గరే. ఆ ఆల్బమ్ చూసి నేను ఏడిస్తే "ఊరుకో మే, ఇవన్నీ నీవి కావా ఏంది" అని వీపు నిమిరింది. నిజమేననుకున్నా.

ఇప్పుడు అసలు సంగతి. స్టేటస్‌లో ఫోటో పూర్తిగా లేదు. ఆ ఫోటోలో మేం ఇద్దరం ఉంటాం. పాపను మెట్టు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పక్కనుంచి నేను పట్టుకున్నా. కొత్త గుండు, చలేస్తుందేమోనని నా కొంగు సగం దాని భుజం మీద కప్పా. మా వదిన నన్ను భుజం దగ్గర కత్తిరించేసింది. పాప పొట్ట చుట్టూ ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి మాత్రం మిగిలింది. దాన్ని ఏం చేయలేకపోయింది పాపం, చెయ్యి తీస్తే పిల్ల పొట్ట పోతుంది. అందుకని దాని మీద "ప్రేమతో అత్త" అని స్టిక్కరు పెట్టింది. కింద నుంచి రెండు గాజులు కనపడుతున్నాయి.

మా ఆయనకు చూపించాను. ఆయన అప్పటికే చూశాడంట, ఎర్ర గుండె కూడా కొట్టాడంట! "అబ్బా, ఎంత ముద్దుగా ఉండేది మే పాప, ఆ రోజులే బాగుండేవి" అని కళ్ళు తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఎవరిదయ్యా అంటే, "ఏ చెయ్యి?" అన్నాడు.

ఆ రోజులే బాగుండేవంట. ఎవరికి? ఆయన ఉద్యోగం అప్పుడు ఆదోనిలో. ఇక్కడికి వంద కిలోమీటర్లు. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారక ముందే బస్సెక్కేవాడు. కాబట్టి మా పాప చిన్నతనం ఆయనకు మొత్తం ఆదివారమే. తలంటు పోసి, కాటుక పెట్టి, దిష్టిచుక్క పెట్టి, గౌను వేసి చేతిలో పెడితే, ఎగరేసి ఎగరేసి ఆడించి, ఏడవగానే "ఇదో, ఏడుస్తోంది" అని తిరిగిచ్చేవాడు. అది బాగుండకుండా ఎలా ఉంటుంది? అలాగైతే నాకూ బాగుంటుంది. మిగిలిన ఆరు రోజులు, ఆరు రాత్రులు ఎవరివి? ఆరు వారాలకొకటి, పదికొకటి, పద్నాలుగుకొకటి సూది వేయించుకొచ్చి, ఆ రాత్రంతా జ్వరంతో మూలుగుతుంటే తడిగుడ్డ వేసుకుంటూ కూర్చున్నది ఎవరు? కర్నూలు ఎండాకాలం కరెంటు పోతే చీర ఉయ్యాల పక్కన కూర్చుని ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో విసనకర్ర విసిరింది ఎవరు? పోలియో చుక్కల ఆదివారం మాత్రం ఆయనే తీసుకెళ్ళేవాడు, ఒప్పుకుంటా, పాప చిటికెన వేలి గోటి మీద సిరా గుర్తు చూపించి వీధంతా తిప్పుకొచ్చేవాడు. అదీ ఆదివారమే చూడండి.

ఇంకోటి చెప్తా, మీకు కోపం వస్తే రానీ. ఈ "పిల్లల చిన్నతనం ఎంత తొందరగా గడిచిపోయిందో" అని వలవల ఏడ్చేవాళ్ళలో ముప్పాతిక మంది అప్పుడు పక్క గదిలో పడుకున్నవాళ్ళే. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, మనవణ్ణి చూసినప్పుడల్లా మా పిల్లోళ్ళు ఇంతే ఉండేవాళ్ళమ్మా అంటాడు. వాళ్ళావిడ పక్కనే ఉంటుంది, ఒక్క మాట మాట్లాడదు. ఆమె ముఖం చూడండి ఎప్పుడైనా. తొందరగా గడిచిందంట. నాకేం తొందరగా గడవలేదు. ఒక్కో రాత్రి ఒక్కో ఏడాదిలా గడిచింది. ఒకసారి మూడు రోజులు తల దువ్వుకోలేదు, నాలుగో రోజు మా అత్త వచ్చి "పిల్లను కన్నంత మాత్రాన దయ్యంలా తిరగాలా" అంది. పాపకు నెలలు నిండేటప్పుడు వదిలేసిన టీచరు ఉద్యోగం "రెండేళ్ళే కదా, మళ్ళీ చేరుదువులే" అన్నారు. ఏ రెండేళ్ళో నాకు ఇప్పటికీ చెప్పలేదు. దాని గురించి మొదలుపెడితే రేపు పొద్దున దాకా రాస్తా, వద్దులే.

అట్లాగని నాకు ఆ రోజుల మీద బెంగ లేదనుకుంటున్నారా? నాకుండే బెంగ వీళ్ళెవరికీ లేదు. కానీ నాది ఫోటో బెంగ కాదు. దాని మాడు వాసన, పాలు, గంధం, చెమట కలిసిన వాసన. నిద్రలో నా గాజులు పట్టుకుని పడుకునేది, కదిలితే గలగలమని లేస్తుందని నేను గంటలు గంటలు కదలకుండా చెయ్యి తిమ్మిరెక్కి కూర్చునేదాన్ని. ఆ గాజులే అవి. ఆకుపచ్చవి. స్టిక్కరు కింద ఉన్నవి.

మధ్యాహ్నం పాప ఫోన్ చేసింది, బెంగళూరు హాస్టల్ నుంచి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. మామూలుగా అయితే డబ్బులు అయిపోయినప్పుడు తప్ప చేయదు. "అమ్మా, అత్త స్టేటస్ చూశావా? నా చిన్నప్పటి ఫోటోల్లేవని చెప్పావు కదా! అత్త ఎంత బాగా దాచిపెట్టింది చూడు" అంది. ఆ మాటే చాలనుకున్నా. తర్వాత కాసేపాగి అడిగింది, "ఆ రోజు నువ్వు రాలేదామ్మా?"

మూడేళ్ళ లోపల జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు, అందరికీ తెలిసిందే. దానికి ఎలా గుర్తుంటుంది? దాని మొదటి రెండేళ్ళకు ఉన్న సాక్ష్యాలు రెండు. ఒకటి తుంగభద్రలో కలిసింది, రెండోది వదిన అటక మీద ఉంది. దాన్నీ వదిన కత్తెర వేసి పెట్టింది. నేను "వచ్చానులే" అన్నా. అంతకన్నా ఏం చెప్పాలి? పుట్టువెంట్రుకలకు తల్లి రాకుండా ఉంటుందా అనాలా? నీ నోట్లో బిస్కెట్టు పెట్టింది నేనే అనాలా? "ఆ చెయ్యి చూడు" అన్నాను చివరికి. "ఏ చెయ్యి?" అంది. వాళ్ళ నాయన కూతురే కదా.

ఇంక ఇది చదివి "పోనీలే, పెద్దావిడ, ప్రేమతో పెట్టింది" అని నీతులు చెప్పడానికి వచ్చేవాళ్ళకు ముందే దండం. ప్రేమ ఉందని నాకూ తెలుసు. ప్రేమ లేదని నేనన్నానా? ఆ రోజు పాపకు వెండి మొలతాడు పెట్టింది ఆమే. తలనీలాలు తీసేటప్పుడు మా తమ్ముడి ఒళ్ళో అది గింజుకుంటుంటే ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టి, కోతిలా గంతులేసి నవ్వించింది కూడా ఆమే, పట్టుచీరతో. అవన్నీ పెట్టుకోమనండి స్టేటస్‌లో, నేనూ గుండె కొడతా. ప్రేముంటే ఫోటో మొత్తం పెట్టడానికి ఏమడ్డం? నేనంత అసహ్యంగా ఉన్నానా అందులో? జుట్టు చెదిరిపోయి ఉంటుందిలే, మూడు గంటలకు లేచి పాపకు, తొమ్మిది మంది చుట్టాలకు పులిహోర కట్టుకుని బయల్దేరినదాన్ని.

వదినా, నువ్వు ఇక్కడ అన్నీ చదువుతావు, ఒక్కదానికీ ఏమీ అనవు, నాకు తెలుసు. స్టేటస్ రేపు పొద్దుటికి పోతుంది, నేను స్క్రీన్‌షాట్ తీసుకున్నా, అందులో స్టిక్కరూ వచ్చింది. నాకు అది వద్దు. ఫోటో కావాలి, మొత్తం ఫోటో, నా చెదిరిన జుట్టుతో సహా. ఫోన్‌లో పంపద్దు, కొరియరూ వద్దు. ఈ ఆదివారం పొద్దున బస్సెక్కుతా, మూడు గంటల ప్రయాణం. మీ తమ్ముణ్ణి కూడా తీసుకొస్తున్నా, టీవీలు మోసే అలవాటుంది కదా, ఆల్బమ్ కూడా మోస్తాడు. వంట ఏమీ పెట్టుకోవద్దు. నిచ్చెన తీసి అటక కింద పెట్టి ఉంచు, నేనే ఎక్కుతా.