మూసిన మ్యూజియానికి జోహార్లు

మ్యూజియాలను మూసి ఉన్న రోజునే చూడాలన్నది, కాళ్లు పీకేదాకా నడిచి, కారుతున్న గొడుగు కింద నిలబడి నేను కనిపెట్టిన సిద్ధాంతం. ఇది నా పొరపాటును కప్పిపుచ్చుకోవడానికి పుట్టిందని మా ఆవిడ బంధువులందరికీ చెబుతున్నందువల్ల, పూర్వాపరాలు పాఠకుల ముందు పెట్టి న్యాయం కోరక తప్పడం లేదు.

కిందటి నవంబరులో మేమిద్దరం స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ సీమలోని బిల్బావో నగరానికి వెళ్లాం. చేతిలో ఉన్నది ఒక్క రోజు. అందుకని నెల రోజులు కూర్చుని గంటల వారీగా పట్టిక వేశాను. ఎక్కడ మెట్రో ఎక్కాలో, ఎక్కడ కాఫీ తాగాలో, ఆధునిక కళలకు పేరుపడ్డ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఏ గదికి ఎన్ని నిమిషాలు కేటాయించాలో అన్నీ అందులో ఉన్నాయి. ఆ రోజు ఏ వారమన్నది మాత్రం లేదు. వేసవి రద్దీలో తప్ప ఆ మ్యూజియానికి సోమవారం సెలవని దాని గుమ్మం దగ్గరికి వెళ్లాక తెలిసింది. బాస్క్ భాషలో సోమవారాన్ని ‘ఆస్తెలెఎన’ అంటారు, అంటే వారానికి మొదటిది. మా మొదలు అలా ఏడ్చింది.

అయితే విజ్ఞులు ఒక్క విషయం ఆలోచించాలి. 1980లలో ఈ ఊళ్లో ఉక్కు కర్మాగారాలు, ఓడలు కట్టే యార్డులు మూతపడ్డాయి. అది చాలదన్నట్టు 1983 ఆగస్టులో నెర్వియాన్ నది పొంగి పాత బస్తీని ముంచింది. అటువంటి ఊరు నది ఒడ్డున పాడుబడ్డ రేవు స్థలంలో ఆర్కిటెక్టు ఫ్రాంక్ గెహ్రీ చేత ఈ భవనం కట్టించి, 1997 అక్టోబరులో తలుపులు తెరిచి, ప్రపంచం నలుమూలల నుంచి జనాన్ని రప్పించుకుంది. దాన్నే ‘బిల్బావో ఎఫెక్ట్’ అని ఇప్పటికీ మిగతా నగరాల పాలకులు పలవరిస్తుంటారు. వాళ్లలో ఎవరైనా లోపలున్న అటువంటి బొమ్మలు మాకూ కావాలని అడిగారా? అటువంటి కట్టడం కావాలనే అడిగారు. అర మిల్లీమీటరు మందం కూడా లేని టైటానియం రేకులు సుమారు 33,000 కప్పిన ఆ ఒళ్లు బయటే ఉంది కదా! ‘సిరిమిరి’ అని వాళ్లు పిలుచుకునే సన్నటి తుంపర పడుతుంటే, చేప పొలుసుల్లాంటి ఆ రేకులు బూడిద రంగులోంచి మెల్లగా పసుపుకు తిరగడం మేం పైసా ఖర్చు లేకుండా చూశాం.

గుమ్మం ముందు జెఫ్ కూన్స్ చేసిన పన్నెండు మీటర్ల పూల కుక్క ‘పప్పీ’ కాపలా కూర్చుని ఉంటుంది. దానికి సోమవారాలు, పండుగలు లేవు. అక్కడ సమకాలీన కళ గురించి చెబుదామని నేను మూడు పేజీలు సిద్ధం చేసుకున్నాను. మా ఆవిడ మాత్రం నాలుగో అంతస్తు బాల్కనీలో పన్నెండు కుండీలు పెంచే మనిషి కావడంతో, దాని చెవి కింద ఒత్తుగా పూసిన పాన్సీ పూల మధ్యకు తొంగిచూసి, “మట్టి జారిపోకుండా ఎలా నిలబెట్టారండీ? పైదాకా నీళ్లెవరు పోస్తారు?” అని అడిగింది. నా మూడు పేజీల్లో మట్టి లేదు. లోపల ఉక్కు చట్రం, మట్టిని పట్టి ఉంచే గుడ్డ, నీటి గొట్టాలు ఉన్నాయని, ఏడాదికి రెండుసార్లు మొక్కలు మారుస్తారని ఫోనులో వెతికి చెప్పాక గాని ఆవిడ అక్కడి నుంచి కదలలేదు. భవనానికి అవతల, నది వైపున, శిల్పి లూయీజ్ బూర్జ్వా చేసిన కంచు సాలీడు ఉంది. దాని కడుపు కింద నిలబడి తలెత్తితే పాలరాతి గుడ్లు కనిపిస్తాయి. దానికీ టిక్కెట్టు లేదు.

లోపల రిచర్డ్ సెర్రా వంచి నిలిపిన తుప్పురంగు ఉక్కు గోడలు వెయ్యి టన్నులకు పైగా ఉంటాయట. ఉక్కు కొలిములు ఆరిపోయిన ఊళ్లో ఉక్కును టిక్కెట్టు కొని చూడడం ఎంతో అర్థవంతమైన అనుభవమని చదివాను. చూడలేకపోయినందుకు నాకేమీ బాధ లేదని ఆ పూట నాలుగుసార్లు చెప్పాను.

మధ్యాహ్నం పాత బస్తీకి వెళ్తే భోజనాల వేళకు కొట్లన్నీ షట్టర్లు దించేశారు. బాస్క్ భాషలో మా ఆవిడ నేర్చుకున్న మొదటి మాట ‘ఇచిత’, అంటే ‘మూసి ఉంది’. ఊరు ఊరంతా నా సిద్ధాంతాన్ని బలపరుస్తున్నదని సంతోషించాను. బతికున్న ఏ భాషతోనూ చుట్టరికం తేలని ఆ భాషలో బిల్బావో పేరు బిల్బో; బిల్బోకు అనడానికి బిల్బోరా, బిల్బోలో అనడానికి బిల్బోన్, బిల్బో నుంచి అనడానికి బిల్బోటిక్ అంటారు. మన విభక్తుల్లాగే అన్నీ మాట వెనకాల చేరతాయి. పచ్చిమిరపకాయ, ఆలివు, ఉప్పు చేప ఒకే పుల్లకు గుచ్చి ఇచ్చినప్పుడు ఈ చుట్టరికం ఖాయమనుకున్నాను గాని, కొరికి చూస్తే ఆ మిరపకాయలో కారం లేదు.

సాయంత్రం పట్టికలో లేని చోటికి మా ఆవిడే తీసుకెళ్లింది. పోర్తుగలేతె దగ్గర నది మీద 1893లో కట్టిన విస్కాయా వంతెన అది. ఓడలకు అడ్డం రాకుండా పైన ఎత్తుగా ఇనుప దూలం, దాని నుంచి తీగలతో వేలాడే ఒక పెట్టె. కార్లను, మనుషులను, సంచుల్లో కూరగాయలను ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఇప్పటికీ మోస్తూనే ఉంది. 2006లో యునెస్కో దాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. పక్కన స్కూలు పిల్లలు తల కూడా ఎత్తకుండా ఫోన్లు చూసుకుంటుంటే, మేం నోళ్లు తెరుచుకుని నది దాటాం.

“ఇది కూడా మూసి ఉంటేనే బాగుండేదంటారా?” అంది మా ఆవిడ.

వాదం దారి తప్పుతున్నదని గ్రహించి, మరునాటి మాడ్రిడ్ కార్యక్రమం ఎత్తుకున్నాను. బిల్బావోకు దగ్గరలోని గెర్నికా పట్టణం మీద 1937లో పడిన బాంబుల గురించి పికాసో వేసిన చిత్రం ఇక్కడ లేదనీ, మాడ్రిడ్‌లోని రీనా సోఫియా మ్యూజియంలో ఉందనీ, రైలు దిగగానే నేరుగా అక్కడికేననీ, గదికి ఇన్ని నిమిషాలని పట్టిక కూడా వేశాననీ వివరించాను.

ఆవిడ ఫోను తీసి కాసేపు చూసింది.

“రేపు మంగళవారం కదండీ,” అంది. “వాళ్లకు సెలవు మంగళవారమట.”