బలగాల లెక్క కంటే ముందు చెప్పవలసింది

అల్లర్ల వేళ దేశ నాయకుడు ముందుగా బలగాల మోహరింపు గురించే ప్రకటించాలన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 1993 ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికాలో నల్లజాతి యువత ఎంతగానో అభిమానించిన వర్ణవివక్ష వ్యతిరేక నేత క్రిస్ హానీని ఆయన ఇంటి ముందే ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపినప్పుడు, ఆ దేశం అంతర్యుద్ధం అంచుకు చేరింది. అప్పటి దేశాధ్యక్షుడు డి క్లెర్క్. కానీ టెలివిజన్‌లో జాతినుద్దేశించి మాట్లాడి జనాన్ని నిలువరించగలిగింది మాత్రం అప్పటికి ప్రభుత్వంలో ఏ పదవీ లేని నెల్సన్ మండేలా.

ఆ ప్రసంగంలో నన్ను నేటికీ కదిలించేది ఒక్క విషయం. హంతకుడు తెల్లవాడన్న నిజాన్ని ఆయన దాచలేదు; ఆ వెంటనే, ప్రాణాలకు తెగించి ఆ హంతకుణ్ణి పట్టించింది కూడా ఒక తెల్లజాతి మహిళేనని గుర్తుచేశారు. కారు నంబరు చూసి పోలీసులకు ఫోన్ చేసిన పొరుగింటావిడ ఆమె. జనం ఆగ్రహాన్ని తప్పుపట్టకుండా, అది ఒక జాతి మొత్తం మీదికి మళ్లకుండా ఆపిన మాట అది.

హింస పూర్తిగా ఆగిందని నేను అనడం లేదు, ఆ వారంలోనూ ప్రాణాలు పోయాయి. అయితే వర్ణవివక్ష పాలనను ముగించేందుకు ప్రభుత్వంతో సాగుతున్న చర్చలు తెగిపోలేదు, మరికొన్ని వారాలకే అన్ని జాతులవారూ ఓటు వేసే తొలి ఎన్నికలకు 1994 ఏప్రిల్ 27 తేదీగా కుదిరింది. మన దగ్గర గాంధీజీ హత్య జరిగిన 1948 జనవరి 30 రాత్రి ఆకాశవాణిలో నెహ్రూ కూడా గద్గద స్వరంతో ముందు తన దుఃఖాన్నే చెప్పుకున్నారు, సైన్యం గురించి కాదు.